పెద్ద సముద్రపు ఫ్లైలకు రోటరీ వైస్: 6/0 హుక్ కదలకుండా పట్టేది ఎలా ఎంచుకోవాలి?

ఉప్పుటేరు (న్యూజెర్సీ)
అందరికీ నమస్కారం. స్ట్రైప్డ్ బాస్ చేప కోసం ఫ్లైలు, అంటే హుక్కుకి వెంట్రుకలు, పీచు కట్టి చేసే నకిలీ ఎరలు కట్టాలి: 20 నుంచి 25 సెంటీమీటర్ల హాలో ఫ్లైలు (వెంట్రుకలు తిరగేసి కట్టేవి), 1/0 నుంచి 3/0 హుక్కుల దాకా క్లౌజర్లు (సీసం కళ్లు కట్టేవి). పెద్దవాటికి వాడేది 4/0, 6/0 హుక్కులు (గీత ముందు అంకె పెరిగేకొద్దీ హుక్కు పెద్దది). దారం 200 డీనియర్ల మందం జీఎస్‌పీ, అంటే తేలిగ్గా తెగని కృత్రిమ దారం. ఇప్పుడున్న వైస్ (కట్టేటప్పుడు హుక్కుని దవడలతో పట్టే పనిముట్టు) చిన్న ట్రౌట్ ఫ్లైలకు కొన్నది. దారం గట్టిగా లాగితే హుక్ కన్ను కిందికి వాలిపోతోంది, దవడలు ఇంకా బిగిస్తే లివర్ పడట్లేదు. 400 డాలర్ల లోపు రోటరీ వైస్ (హుక్కుని పట్టుకునే తిప్పగలిగేది) ఒకటి తీసుకుందామని ఉంది. హుక్ కాడ (కన్నుకీ వంపుకీ మధ్య తీగ) సరిగ్గా ఇరుసు మీద తిరిగే 'ట్రూ రోటరీ'యే కావాలా, ఊరికే తిరిగేది చాలా? కామ్ దవడలా (లివర్ వేస్తే బిగిసేవి), స్ప్రింగ్ దవడలా? టేబుల్‌కి బిగించేదా, బరువు పీటదా? తెలిసినవాళ్లు చెప్పండి.

దవడబిగింపు (హైదరాబాద్)
ఉప్పుటేరు గారూ, తిరగడం సంగతి తర్వాత చూద్దాం. పెద్ద హుక్కుకి ముందు చూడాల్సింది దవడ. మీ వైస్‌లో హుక్ ఎందుకు వాలుతోందో లెక్క వేసి చూడండి. 6/0 హుక్కులో దవడ పట్టిన చోటి నుంచి కన్ను దాకా సుమారు 4 సెంటీమీటర్లు ఉంటుంది. కన్ను దగ్గర కిలోన్నర బలంతో దారం కిందికి లాగితే దవడ మీద 6 కిలో-సెంటీమీటర్ల మెలి పడుతుంది. దాన్ని ఆపాల్సింది దవడ కొసన ఉన్న అయిదారు మిల్లీమీటర్ల మేర పట్టు మాత్రమే. పైగా చాలా దవడలు వెనక ఒక చోట ఆని, కత్తెరలా ముందుకి తెరుచుకుంటాయి. సన్నని తీగ మీద రెండు ముఖాలు దాదాపు సమాంతరంగా మూసుకుంటాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల లావు తీగ పెట్టగానే ముఖాలు 'వి' ఆకారంలో నిలబడిపోతాయి. అప్పుడు తీగని పట్టేది ముఖం మొత్తం కాదు, ఒక్క అంచు. ఒక్క అంచు మీద ఆనిన తీగ బొంగరంలా తిరుగుతుంది. మీరు ఎంత బిగించినా అంచు మీదే భారం పెరుగుతుంది కానీ పట్టు పెరగదు. చివరికి దవడ కొస పగులుతుంది.

అందుకని కొనేటప్పుడు ఈ రెంటిలో ఒకటైనా ఉందో లేదో చూడండి. ఒకటి, దవడ ముఖంలో పెద్ద తీగ కూర్చోవడానికి కోసిన గాడి. డైనా-కింగ్ కంపెనీ బారకుడా వైస్ దవడలో ఇలాంటి గాళ్లు ఉంటాయి. గాడిలో కూర్చున్న తీగకి రెండు పక్కలా గోడ ఉంటుంది కాబట్టి కిందికి తిరగలేదు. రెండోది, ముందు ఒక స్క్రూ, వెనక కామ్ ఉండే ఏర్పాటు. ముందు స్క్రూతో సందు తీగ లావుకి సరిపెట్టాకే లివర్ వేస్తాం కనక ముఖాలు సమాంతరంగానే ఉంటాయి.

దవడలు మార్చుకునే వీలున్న వైసులు ఇంకో దారి. హెచ్ఎంహెచ్ కంపెనీ వైసుల్లో మాగ్నం దవడలు వేరుగా దొరుకుతాయి. రెంజెట్టి కంపెనీ వాళ్లకి ట్రావెలర్ వైస్‌లోనే సాల్ట్‌వాటర్ రకం ఉంది. మామూలు ట్రావెలర్ కొని "పెద్దవీ పట్టేస్తుందిలే" అనుకోకండి. పెట్టె మీద రాసే హుక్ సైజు "పడుతుంది" అన్న లెక్క. జీఎస్‌పీ లాగుడికి "నిలబడుతుంది" అన్న లెక్క కాదు.

కండెదారం (డల్లాస్)
అన్నా, నా మాట వింటే స్ప్రింగ్ దవడ తీస్కోండి. రీగల్ ఉంది గదా, మసాచుసెట్స్‌ల ఆరెంజ్ అనే ఊర్ల చేస్తరు. లివర్ పిడికిట పట్టి నొక్కితే దవడ తెర్చుకుంటది, వదిలితే స్ప్రింగే పట్టుకుంటది. చిన్న 8 నంబర్ నుంచి పెద్ద 4/0కి మారాలన్నా తిప్పే స్క్రూ ఏం లేదు. రెడ్‌ఫిష్‌కి చిన్నయి, టార్పాన్‌కి పెద్దయి ఒకే పూట కట్టెటోళ్లకి ఇది మస్తు ఆసాన్. పెద్ద హుక్కులకని బిగ్ గేమ్ దవడ వేరే ఉంది, అదే అడగండి. మామూలు దవడ మీద 6/0 పెడితే స్ప్రింగ్ పట్టు బాగనే ఉంటది గానీ కొస అంచులకు భారం ఎక్కువైతది.

బ్రష్‌ఫ్లై (చెన్నై)
రీగల్ పట్టు గురించి పేచీ లేదు. కానీ ఆ దవడ ఏటవాలుగా ఉంటుంది. వైస్ తల వంచి సర్దినా, పెద్ద హుక్ కాడ ఇరుసు మీదికి ఖచ్చితంగా రావడం కష్టం. హాలో ఫ్లైలకి అది పెద్ద లోటు కాదు, ఒప్పుకుంటా. అండమాన్‌లో జీటీ (జెయింట్ ట్రెవాలీ చేప) కోసం కట్టే బ్రష్ ఫ్లైల దగ్గరే తేడా కనబడుతుంది. గమకత్సు ఎస్ఎల్12ఎస్ 6/0 హుక్కు మీద వంపు నుంచి కన్ను దాకా 7, 8 సెంటీమీటర్ల వెడల్పు బ్రష్‌ని (సన్నని తీగల మధ్య పీచు మెలిపెట్టినది) దగ్గర దగ్గరగా చుట్టాలి. చేత్తో చుట్టితే ప్రతి చుట్టుకీ బ్రష్ చేయి మారుతుంది, చేయి మారినప్పుడల్లా పీచు దారం కింద ఇరుక్కుంటుంది. ట్రూ రోటరీలో అయితే ఎడమ చేత్తో వైస్ తిప్పుతూ, కుడి చేత్తో బ్రష్‌ని ఒకే కోణంలో పట్టుకుని, మధ్యమధ్య వేళ్లతో పీచు వెనక్కి దువ్వుకుంటూ పోవచ్చు.

కాడ ఇరుసు మీద ఉందో లేదో ఇలా చూడండి. హుక్ బిగించి, కన్నుకి ఎదురుగా ఒక సూది మొన నిలబెట్టండి. వైస్ ఒక పూర్తి చుట్టు తిప్పండి. కన్ను సూది మొన ఎదుటే నిలబడితే సరే. గుండ్రంగా తిరిగితే ఆ గుండ్రం వెడల్పులో సగమే మీ తేడా. ఇరుసు నుంచి దవడ పట్టే చోటుకి దిగువ 12 మిల్లీమీటర్లే ఉండి, హుక్ కాడ నుంచి వంపు అడుగుకి 20 మిల్లీమీటర్లు ఉంటే, కాడ ఇరుసుకి 8 మిల్లీమీటర్లు పైన నిలుస్తుంది. తిప్పితే 16 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రం. అంత తేడా ఉంటే బ్రష్ ఒక అరచుట్టు బిగుసుకుని, మరో అరచుట్టు వదులవుతుంది. ఫ్లై ఒక పక్క ఒత్తుగా, ఇంకో పక్క పల్చగా వచ్చేది అందుకే. కనక ఇరుసు నుంచి దవడకి ఉండే ఈ దిగువ దూరం సర్దుకునే వీలు ఉన్న వైస్ కావాలి, లేదంటే మీరు ఎక్కువగా వాడే హుక్కు కొలతకి సరిపడే దిగువ ఉన్నదైనా కావాలి. దుకాణానికి వెళ్తే మీ హుక్కు జేబులో వేసుకుని వెళ్లండి.

దవడబిగింపు
బ్రష్‌ఫ్లై గారి మాట నిజమే, కానీ ఉప్పుటేరు గారు కట్టేది బక్‌టెయిల్ (జింక తోక వెంట్రుకల) హాలో ఫ్లై. అందులో తిప్పుతూ చుట్టే పని ఎక్కడుందండీ? వెంట్రుకల కొసలు కన్ను వైపు ఉండేలా ఒక పొత్తు కట్టి, కాడ చుట్టూ సమంగా పరచాలి. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ గొట్టం కన్ను మీదుగా దూర్చి వెంట్రుకలని వెనక్కి నెట్టి, వాటి ముందు దారంతో చిన్న గట్టు వేయాలి. వైస్‌తో కావాల్సింది పావు చుట్టు తిప్పి, అక్కడే ఆపి, ఆ పక్క పల్చబడిందా అని చూడ్డం. క్లౌజర్‌కి అరచుట్టు తిప్పి పొట్ట వైపు కట్టుకోవడం. ఈ రెంటికీ ఇరుసు 8 మిల్లీమీటర్లు తప్పినా ఏమీ కాదు. తిప్పిన చోట కదలకుండా ఆగడమే ముఖ్యం.

బ్రష్‌ఫ్లై
ఇవాళ హాలో ఫ్లై, రేపు బ్రష్. వైస్ ఇరవై ఏళ్లు ఉంటుంది.

కండెదారం
ఆ మాట కూడా కరెక్టే. అయితే తిప్పుడు గట్టిదనం సర్దే నాబ్ ఉందా లేదా చూడండి. పెద్ద ఫ్లైలకి అది లేకుంటే తిప్పలే. సీసం కళ్లు ఒక పక్క కట్టినంక బరువు ఒకే దిక్కు ఉంటది, చేయి తీసేస్తే హుక్ తనంతట తనే కిందికి తిరుగుతది. నాబ్ కొంచెం బిగిస్తే ఎక్కడ ఆపితే అక్కడే ఆగుతది. జీఎస్‌పీతో గట్టిగ కట్టేటప్పుడు మొత్తం లాక్ చేసెయ్యాలి.

ఇంకోటి, 25 సెంటీమీటర్ల తోక వెనక్కి పడి సీదా వైస్ తల మీద, తిప్పే పిడి మీద పడ్తది. పావు చుట్టు తిప్పంగనే వెంట్రుకలు పిడికి చుట్టుకుని తోకనే పీకేస్తది. తోక కట్టినంక జ్యూస్ స్ట్రా నిలువునా చీల్చి దాంట్ల పెట్టండి, లేదంటే ఆడపిల్లల జడ క్లిప్పు ఒకటి వేసెయ్యండి. బాబిన్ (దారం కండె) స్టాండు కూడా కన్ను దాటి ముందుకే ఉండాలె, దాని కొక్కెం ఎత్తు కాడకి సమంగ రావాలె. ఎత్తు తప్పితే తిప్పినప్పుడల్లా దారం కన్ను నుంచి జారిపోతది. తిప్పే ముందు కన్ను దగ్గర ఒక అరముడి వేస్కోండి.

ఉప్పుటేరు
జడ క్లిప్పు ఉపాయం అదిరింది. దవడబిగింపు గారూ, కామ్ లివర్ ఎంత బిగించాలో నాకు ఎప్పుడూ తేలదు. ఒకసారి చెప్పరా?

దవడబిగింపు
లివర్ పూర్తిగా తెరిచి మొదలెట్టండి. ముల్లు ఉన్న హుక్కయితే ముందే శ్రావణంతో ముల్లు నొక్కేయండి. హుక్కు విరిగేదే అయితే ఇప్పుడే విరుగుతుంది, గంటసేపు కట్టాక కాదు. హుక్కుని పట్టించాల్సింది వంపు అడుగున, తీగ గుండ్రంగా ఉన్న చోట. మొననీ ముల్లునీ దవడలోకి తోసేసి దాచే అలవాటు చాలామందికి ఉంది, దారం మొనకి తగలదని. రసాయనంతో పదును పెట్టిన హుక్కుల మొన అలా బిగిస్తే పుటుక్కుమంటుంది. దారం తెగకుండా మొన మీద చిన్న రబ్బరు గొట్టం ముక్క తొడగండి, చాలు.

ఇప్పుడు ముందు స్క్రూ తిప్పి దవడలు తీగని ఇలా ముట్టుకుని అలా ఆగేలా సర్దండి. హుక్కు తనంతట తను నిలబడాలి, వేలితో తోస్తే జారాలి. తర్వాత లివర్ వేయండి. లివర్ సగం దారి దాటాక బొటనవేలికి గట్టిగా తగిలి, ఒత్తితే పడాలి. చివరిదాకా ఏ బరువూ లేకుండా పడిపోతే వదులు, స్క్రూ పావు చుట్టు బిగించండి. రెండు చేతులూ కావాల్సి వస్తే ఎక్కువైంది, కామ్ అరుగుతుంది. చివరికి కన్నుని వేలితో కిందికి నొక్కి వదలండి. తీగ స్ప్రింగులా వంగి లేవాలి. దవడ దగ్గర కించిత్ కదిలినా మళ్లీ సర్దండి. మస్టాడ్ 34007 లాంటి స్టెయిన్‌లెస్ హుక్కుల తీగ నున్నగా ఉంటుంది, వాటితో ఈ పరీక్ష తప్పనిసరి.

సాగరతీరం (విశాఖపట్నం)
పీట గురించి ఎవరూ చెప్పలేదు, నేను రాస్తున్నా. టేబుల్‌కి బిగించే క్లాంపు అన్నిటికన్నా స్థిరం. ఎటు లాగినా లేవదు. వంటింటి గ్రానైట్ బండకి కూడా పట్టించొచ్చు, మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క వేస్తే బండ అంచు పెచ్చు లేవదు. అద్దం బల్లకి మాత్రం వద్దు.

పీటే కావాలంటే బరువు ఒక్కటే చూడకండి, లోతు (ముందు నుంచి వెనక దాకా కొలత) కూడా చూడండి. 15 × 15 సెంటీమీటర్లు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనప పలక 2.1 కిలోలు తూగుతుంది. వైస్ ఒక కిలో అనుకోండి. వైస్‌ని మోసే నిలువు కడ్డీ, అంటే కొయ్య, పలకకి మధ్యలో ఉండి, హుక్కు 20 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, మీ వైపుకి అడ్డంగా సుమారు 1.15 కిలోల బలంతో లాగితే పీట ముందు అంచు మీదికి లేస్తుంది. 200 డీనియర్ జీఎస్‌పీ అంతకన్నా చాలా ఎక్కువ బలానికి గానీ తెగదు. అంటే దారం తెగేలోపే పీట లేస్తుంది. అదే పలక 20 లోతు, 15 వెడల్పు చేసి కొయ్యని మధ్య నుంచి 5 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే అదే లెక్కలో సుమారు 2.15 కిలోల దాకా ఆగుతుంది. పలక బరువు పెరిగింది 700 గ్రాములే, లాభం దాదాపు రెట్టింపు.

అమెరికా వైసుల్లో చాలావాటి కొయ్య 3/8 అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు. కనక వైస్ క్లాంపుతో కొని, పలక ఏ లేత్ షాపులోనైనా చేయించుకోవచ్చు. కన్ను కుడి వైపు పెట్టి కట్టేవాళ్లకి రంధ్రం ఎడమ అంచు వైపు వేయించండి, ఫ్లై పలక మీదికి వస్తుంది. పక్కన ఇంకో మర రంధ్రం వేసి స్క్రూతో కొయ్యని బిగించాలి, లేకపోతే కొయ్యే తిరుగుతుంది. అడుగున రబ్బరు షీటు అంటించండి.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి ఒక మాట. దవడల ఉక్కు గట్టిదే కానీ చాలావాటిలో స్టెయిన్‌లెస్ కాదు. వాడిన ఫ్లైని మళ్లీ సర్దేటప్పుడు మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాకే వైస్‌కి పెట్టండి. పని అయ్యాక కుట్టుమిషన్ నూనె ఒక చుక్క గుడ్డ మీద వేసి తుడవండి. దవడల మధ్య నూనె మిగిలితే మాత్రం హుక్కు జారుతుంది, తుడిచి ఆరనివ్వాలి.

బ్రష్‌ఫ్లై
విశాఖ వాళ్లకి అడిగిందే తడవు, లెక్కలతో సహా వస్తాయి. :)
మన దేశంలో కట్టేవాళ్లకి చిన్న హెచ్చరిక. ఇక్కడి జింక వెంట్రుకల జోలికి పోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పండుగప్ప, పార చేపలకి కృత్రిమ పీచుతోనే బ్రహ్మాండంగా కట్టొచ్చు.

ఉప్పుటేరు
రెసిన్ (ఫ్లై మీద గట్టిపడే జిగురు పూత) పూయడానికి రోటరీ తప్పనిసరి అని కొన్నిచోట్ల చదివాను. అది నిజమేనా?

సాగరతీరం
యూవీ వెలుతురుకి గట్టిపడే రెసిన్ అయితే నాలుగైదు చుట్లు తిప్పి, సమంగా పరుచుకోగానే టార్చి వేస్తే సరి. ఏ రోటరీ అయినా చాలు. రెండు భాగాలు కలిపే అయిదు నిమిషాల ఎపాక్సీకే ఆగకుండా తిప్పాలి. దాని కోసం వైస్ పట్టుకుని కూర్చోవద్దు, వైస్ అంతసేపూ ఖాళీ ఉండదు. నిమిషానికి అయిదారు చుట్లు తిరిగే మైక్రోవేవ్ పళ్లెం మోటారు తెచ్చి, దాని ఇరుసుకి థర్మాకోల్ దిమ్మ గుచ్చి, ఫ్లైలు వరసగా దిమ్మకి తగిలించండి. మీ దగ్గరి మోటారు ఏ వోల్టేజిదో దాని మీదే రాసి ఉంటుంది, చూసి కలపండి. ఇక్కడ దొరికేవి సాధారణంగా 220 దరిదాపువి, మీ ఇంటి 120కి సరిపడవు. తీగల మొనలు బయటికి ఉంటాయి, ప్లాస్టిక్ డబ్బాలో మూసేయండి. ఆన్ చేసినప్పుడు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరగొచ్చు. ఆ మోటార్ల తీరే అంత, చెడిపోలేదు.

ఉప్పుటేరు
అర్థమైంది. అయితే రెసిన్ని లెక్కలోంచి తీసేస్తాను. ఆన్‌లైన్‌లో వంద డాలర్ల లోపు పేరు లేని రోటరీలు కుప్పలుగా ఉన్నాయి. చూడ్డానికి ఖరీదువాటిలాగే ఉన్నాయి మరి.

దవడబిగింపు
రూపం ఒకటే, ఉక్కు ఒకటి కాదు. చేతికొచ్చాక దవడ పక్కన, కనబడని చోట చిన్న ఆకురాయి ఒకసారి గీయండి. గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. కొరికి పొడి రాలిస్తే మెత్తనిది, 4/0 స్టెయిన్‌లెస్ హుక్కులు పది కట్టేసరికి ముఖంలో గుంట పడుతుంది. ఆ గుంటలో సన్నని హుక్కు ఆ తర్వాత ఎప్పటికీ నిలబడదు. తిరిగి ఇచ్చే గడువులోపే గీయండి, గీశాక తీసుకోమంటే ఏం చేయాలో మీరే చూసుకోండి మరి.

పాతది కొంటే ఇంకో మూడు సంగతులు. దవడలు మూసి వెలుతురుకి అడ్డంగా పట్టండి, మధ్యలో సన్నని వెలుగు గీత కనబడితే అరిగాయన్నమాట. ఇరుసు గొట్టాన్ని పట్టి పైకీ కిందికీ ఊపండి, టిక్కుమంటే బేరింగు వదులు. దవడలు ఒక్కటే విడిగా అమ్ముతారో లేదో కంపెనీని అడగండి. విడిగా దొరకని వైస్‌కి దవడ పోతే వైసే పోయినట్టు.

కండెదారం
ఎడమ చేతివాటం ఉంటే ముందే చెప్పాలె, తిప్పే పిడి అవతలి పక్క వస్తది. రెంజెట్టిల ఎడమచేతి మోడలు వేరే ఉంటది.

ఉప్పుటేరు
కుడి చేతివాటమే. మీ మాటలన్నీ కలుపుకుంటే: గాడి దవడ ఉన్న డైనా-కింగ్ బారకుడా రకం, లేదా బిగ్ గేమ్ దవడతో రీగల్. బ్రష్‌ఫ్లై గారి మాట మీద మొదటిదానికే మొగ్గు. 400 దాటుతుందేమో, పాతది దొరికితే తీసుకుంటా. కానీ ఒక్క సందేహం. షాంక్‌లు (వంపూ మొనా లేని తీగ ముక్కలు) ఒకదాని వెనక ఒకటి కలిపే షాంక్ ఫ్లైలు కూడా కట్టాలనుంది. వంపు లేని షాంక్‌ని ఆ లావు దవడలో ఎలా పట్టించాలి?

బ్రష్‌ఫ్లై
షాంక్ వెనక మెలిక ఉంటుంది కదా, దాన్ని నిలువుగా కాదు, అడ్డంగా పడుకోబెట్టి దవడ కొసన పట్టించండి. నిలువుగా పెడితే రెండు తీగలు ఒకదాని మీద ఒకటి పడి, పైదాన్ని పట్టి కిందిదాన్ని వదిలేస్తుంది. మెలిక గాడిలో కాకుండా గాడికి ముందున్న చదును ముఖం మీద పడాలి. దవడ లావై మెలిక సరిగ్గా అందకపోతే షాంక్‌ల కోసమే చేసిన చిన్న పట్టుకొమ్మలు దొరుకుతాయి, వాటి కాడని వైస్‌లో హుక్కులా బిగించుకోవడమే. మొదట వెనక హుక్కు మీద తోక కట్టి పూర్తి చేయండి, తర్వాత దాన్ని షాంక్ మెలికలో వేసి మెలిక దారంతో మూసి, అప్పుడు షాంక్ వైస్‌కి ఎక్కించండి. వరస తిరగబడితే వెనక హుక్కు వేలాడుతూ ప్రతి చుట్టుకీ మీ వేళ్లకే గుచ్చుకుంటుంది.

సాగరతీరం
ఆ వెనక హుక్కు మొనకి బెండు బిరడా ముక్క ఒకటి గుచ్చండి. కట్టడం అయ్యేదాకా తీయకండి.